హోటలు కాదు, బండి

అన్నయ్యా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్నే చెన్నైలో, మా కంపెనీ దగ్గర మిర్చి కొనే జపాన్ ఆయన నన్ను వాళ్ల దేశపు పెద్ద హోటలుకు తీసుకెళ్లాడు. ఏసీ, మెత్తటి కుర్చీలు, గుసగుసల్లో మాటలు. తీరా చూస్తే వడ్డించినవి కోడి చీకులు! పుల్లకు గుచ్చి, చిటికెడు కారం చల్లి, మహాప్రసాదంలా ఒక్కొక్కటే పెట్టారు. వంటాయన మా ఎదురుగానే బొగ్గుల మీద కాలుస్తూ, మంట లేచినప్పుడల్లా పుల్లను పక్కకు జరిపాడు. సత్తెనపల్లి సెంటర్లో నీ బండి దగ్గర విసనకర్ర విసురుతూ నువ్వూ అంతే. "మంట తగిలితే మాడుద్దిరా, సెగ చాలు" అనేవాడివి.

నా సంబంధం కుదిరేటప్పుడు ఆడపెళ్లివారితో "మా అన్నయ్యకు హోటలుంది" అన్నాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు. పెళ్లినాడు కుంకుడుకాయలతో రెండుసార్లు తలంటుకుని వచ్చి కూడా, పొగవాసన వస్తుందేమోనని చివరి వరసలో కూర్చున్నావు. నేనూ ముందుకు రమ్మనలేదు.

"మీ ఊళ్లో ఇలాంటివి దొరుకుతాయా?" అని జపాన్ ఆయన అడిగాడు.

"మా అన్నయ్య కాల్చేవాడండీ."

"ఏ హోటల్లో?"

చేతిలో పుల్లను పళ్లెంలో పెట్టాను.

"హోటలు కాదండీ, బండి" అన్నాను.

నీ ఎదుట అనాల్సిన మాట.