గ్రౌండ్ మధ్యలో మణి

ఏప్రిల్ 6, ఆదివారం

వాట్‌ఫర్డ్ గ్రౌండ్. పొద్దుటి నుంచీ జల్లు. మోకాలు ఇక సహకరించడం లేదు, మణికి ఇదే చివరి సీజన్. ఈ రోజుది కాక ఇంకొక్క మ్యాచే... అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆమెది డిఫెన్స్ — బంతి పట్టుకుని దూసుకొచ్చేవాళ్లను పడగొట్టడం. కర్నూలు నుంచి ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఆఫీసు స్నేహితురాలి వెంట సరదాగా వెళ్లిన మనిషి, ఇప్పుడు ఆడవాళ్ల టీమ్ కెప్టెన్. మొగుణ్ణి నేను, గ్రౌండ్ అంచు తెల్లగీత పక్కన, టీ ఫ్లాస్కుతో.

రెండో సగంలో హరిత తలకు దెబ్బ. వరంగల్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది, మణే టీమ్‌లోకి తెచ్చింది. లేచింది గానీ తూలుతోంది. కోచ్ మళ్లీ ఆడమన్నాడు.

మణి హెల్మెట్ తీసేసి గ్రౌండ్ మధ్యలో నిలబడింది. ఈ అమ్మాయి బయటికి వెళ్లేదాకా ఆట లేదంది. కోచ్‌కు తల పనిచేయడం లేదని కూడా అంది. గీత బయటున్న నాకూ వినిపించింది.

హరిత — "అక్కా, నేను మంచిగనే ఉన్న."

మణి — "ఏం మంచిగుండావే? స్కోరెంతో చెప్పు చూద్దాం."

చెప్పలేకపోయింది. బయటికి తెచ్చారు. ఓడిపోయాం.

ఏప్రిల్ 8, మంగళవారం

క్లబ్బు నుంచి మెసేజ్. అందరి ముందు కోచ్‌ను అవమానించిందట. సారీ చెబితేనే ఆదివారం ఆడనిస్తారు. మణి బొరుగుల ఉగ్గాని కలుపుతూ చదివింది.

"చెప్పేది ల్యా."

"ఒక్క మాటే కదా... నీ ఆఖరి మ్యాచ్ మణీ."

"నీకు గుండె నొప్పి వచ్చినప్పుడు కూడా ఎందుకులే అని నోరు మూసుకునింటే?"

తలవంచుకుని తిన్నాను. గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేస్తుంటే, మా జీపీ డాక్టర్ గదిలోంచి కదలకుండా కూర్చుని నన్ను పెద్దాసుపత్రికి రాయించింది తనే. ఇప్పుడీ పేజీ రాస్తున్నానంటే ఆ నోటి చలవే. అది మరిచి సలహా ఇచ్చాను.

ఏప్రిల్ 9, బుధవారం

మణి మోకాలికి ఐస్ పెట్టాను. కాలు నా ఒళ్లో పెట్టి టీవీ చూసింది. నా మీద కోపంగా లేదు.

ఏప్రిల్ 10, గురువారం

హరిత ఆసుపత్రికి వెళ్లొచ్చింది. మెదడు అదిరిందట, కొన్ని వారాలు ఆట వద్దన్నారు. ఆ రోజే ఇంకో దెబ్బ తగిలుంటే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పాడట.

సాయంత్రం వాళ్లమ్మ వీడియో కాల్. ఆటేమిటో ఆవిడకు తెలియదు. "నా బిడ్డను కాపాడినవ్ చెల్లె, నీకు దండం పెడ్త" అని ఏడ్చింది. మణి ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 13, ఆదివారం

సారీ చెప్పలేదు. మామూలు కోటు వేసుకుని నా పక్కన నిలబడింది, చూడ్డానికి వచ్చిన జనంతోపాటు. ఇన్నేళ్లలో మొదటిసారి. నా భుజం పట్టుకుని వదల్లేదు. టీ పోసిచ్చాను.

మధ్యలో మా టీమ్‌లో ఇంకో పిల్ల పడింది, తల పట్టుకుంది. లేచి మళ్లీ తన చోటికి నడుస్తోంది. కోచ్ ఒక్కసారి మా వైపు చూశాడు. అతనే ఆ పిల్లను బయటికి పిలిచాడు.

గెలిచాం, కష్టం మీద. అమ్మాయిలంతా బురదతో వచ్చి మణి మీద పడ్డారు. కోటు పనికిరాకుండా పోయింది. "చూడప్పా ఏం చేసినారో" అంటూ నవ్వుతోంది, ఏడుస్తోంది. ఈ మనిషి పక్కన నిలబడే చోటు నాకు దొరికింది. ఇంతకంటే రాయలేను.

ఏప్రిల్ 15, మంగళవారం

కోచ్ ఫోన్. వచ్చే ఏడాది డిఫెన్స్ పిల్లలకు నేర్పమని. సారీ సంగతి ఎత్తలేదు.

"ఏమన్నావు?"

"తలకు దెబ్బ తగిల్తే డాక్టర్ మాటే చెల్లాలని క్లబ్బు రూల్ పెడితే వస్తానన్నా. కమిటీని అడిగి చెప్తాడంట."

"పెట్టకపోతే?"

మణి ఫోన్ సౌండు పెంచి బల్ల మీద పెట్టింది. ఇద్దరం దాని వైపు చూడనట్టే కూర్చున్నాం...