మూడు దెబ్బలకు నిలిచే కత్తి

తేదీ: పదహారు, మంగళవారం
మధ్యాహ్నం, వంటింటి బల్ల దగ్గర

చిరంజీవి పిడుగుకి,

మేనత్త మనసారా దీవించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది, దానికి మీ నాన్న పోలిక వచ్చింది. అక్కడ మీరంతా కులాసాయేనా అని మర్యాదకు కూడా అడగను. కాదని తెలుసు.

మొన్న నువ్వు మేడ మీదికెక్కి, గొంతు తగ్గించి, అత్తా, అడవి పనికి ఎలాంటి కత్తి కొనాలి అని ఫోనులో అడిగావు. నేను నోరు తెరిచేలోగా మెట్ల మీద మీ నాన్న చెప్పుల చప్పుడు విని పెట్టేశావు. పోనీలే, ఇది ఫోనులో తేలే సంగతి కాదు. కాగితం మీద ఉంటే దుకాణానికి పట్టుకెళ్లవచ్చు. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య కలం ఇరికించుకుని రాసేదాన్ని, ఇంతకన్నా ముత్యాల్లా రాయమంటే నా వల్ల కాదు.

నువ్వు ఫోన్ పెట్టేసిన గంటకే మీ నాన్న చేశాడు. నా మాటంటే నీకు గురి అట. అందుకని ఈ సర్వే ఉద్యోగంలో చేరవద్దని నా చేత్తో నీకు ఉత్తరం రాయాలట. చెట్లు లెక్కబెట్టడానికి ఆరేసి నెలలు గుడారాల్లో బతకడం ఆడపిల్లకే కాదు, ఎవరికీ వద్దన్నాడు. అదే సర్వేలో నేను ఇరవై నాలుగేళ్లు చేసి, మూడేళ్ల కిందట పదవీ విరమణ చేసి ఇంకా బతికే ఉన్నానని గుర్తు చేశాను.  దానికి వాడు, “అడవి నీ రెండు వేళ్లు తీసుకుంది అక్కా. నా కూతుర్ని దానికివ్వను,” అన్నాడు.

దుంగ దొర్లి నా వేళ్లు పోయాయని విన్న రోజు నుంచి వాడికి అడవంటే పడదు. అది నీకు తెలియని కథ కాదు. ఇప్పుడేమో ఎనిమిది రోజులుగా మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడట, నీతో ఒక్క మాట లేదట. వచ్చే వారం శుక్రవారంలోగా నాన్న సరేననకపోతే ఉద్యోగం వద్దని ఆఫీసుకు రాసేస్తానని నువ్వు మీ అమ్మతో అన్నావట. నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, చెట్టు కనిపిస్తే దాని పేరు చెప్పేదాకా నన్ను కదలనిచ్చేదానివి కాదు. అలాంటి నువ్వు వద్దని రాస్తావా? రాయకూడదు. మీ నాన్న రాయమన్న ఉత్తరం నేను రాయడం లేదు. నువ్వు అడిగినదే రాస్తున్నాను.

ముందుగా, మడిచే కత్తి వద్దు. ఎంత ముద్దొచ్చినా సరే, జేబులో ఎంత చక్కగా ఒదిగినా సరే. దాని బలమంతా ఒక చిన్న మేకులోనూ ఒక చిన్న తాళంలోనూ ఉంటుంది. పండు కోసుకోవడానికి, కవరు చింపడానికి చాలు. నీకు కావలసింది మడత లేని కత్తి. కోసే అలుగూ, పట్టుకునే పిడీ ఒకే ఇనుప ముక్కగా ఉండాలి. పిడిని అంచు వైపు తిప్పి చూడు. రెండు చెక్కల మధ్య ఇనుము గీతలా పిడి చివరిదాకా కనబడితే మంచిది. కనబడకపోతే లోపల ఎంతదాకా ఉందని అడుగు. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయ్.

ఈ రోజుల్లో ఏమేం దొరుకుతున్నాయో చూద్దామని నిన్న మా వీధి చివర ఇనుపసామాన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నన్ను చూడగానే కూరగాయల కత్తులు తీసి పరిచాడు. అడవికి అన్నాను. నా తెల్ల జుట్టు ఒకసారి, నా మోకాలు ఒకసారి చూసి, గోడకున్నది ఒకటి దించాడు. వెన్ను మీద రంపపు పళ్లు. పిడికి దిక్సూచి. మూత విప్పితే పిడిలో అగ్గిపుల్లలు, సూది, దారం. పొయ్యి ఒక్కటే తక్కువ. పిడి బోలుగా ఉంటే అలుగు దేన్ని పట్టుకుని నిలబడుతుందయ్యా అని అడిగాను. చాలామంది కొంటున్నారమ్మా అన్నాడు. కొన్నవాళ్లలో ఎవరైనా అడవి నుంచి వచ్చి బాగుందన్నారా అని అడిగాను. ఆయనకు ఉన్నట్టుండి లోపల ఏదో పని గుర్తొచ్చింది.

తిరిగొచ్చాక కాసిని సబ్బు నీళ్లు ఇప్పించమన్నాను. చెయ్యి తడుపుకుని ఒక్కొక్క పిడీ గట్టిగా పట్టుకుని చూస్తుంటే పాపం కళ్లు తేలేశాడు. నువ్వూ అలాగే చెయ్యి, సిగ్గుపడకు. వానలో, చెమటలో, బురదలో పట్టుకునే కత్తిని పొడి చేత్తో చూసి కొనడం ఏం తెలివి? వేళ్లు ముందుకు జారి అలుగు మీదికి పోకుండా పిడి దగ్గర అడ్డం ఉండాలి. పొడవు నీ అరచెయ్యంత చాలు. అంతకన్నా పెద్దది పెట్టుకుని తిరిగేవాళ్లు ఫొటోల కోసం తిరుగుతారు. మందం రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఉండాలి. ఒరలో పెట్టి తలకిందులుగా ఊపు. జారితే ఆ ఒర వద్దు, వాగు దాటేటప్పుడు నీ కత్తి చేపలకు పోతుంది.

తుప్పు పట్టని స్టీలు మంచిదా, పట్టేది మంచిదా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. మా జట్టులో ఈ విషయం మీద అన్నం మానేసి వాదించుకునేవాళ్లు. నాది పట్టే రకం. నది రాయి మీద నాలుగు సార్లు రాస్తే పదును వచ్చేస్తుంది. రోజూ నూనె గుడ్డతో తుడవాలి, అంతే. అయితే నీకు మొదటి ఆరు నెలలూ బురద నేలల్లో పని అని విన్నాను. అక్కడ తుప్పు పట్టనిదే కొనుక్కో. ఈ వయసులో నేను మాట మార్చానని ఎవరికీ చెప్పకు.

ఇంకొకటి చెప్పాలి. సర్వేలో ఒక పద్ధతి ఉంది, ఇప్పటికీ నడుస్తోందట. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు పొద్దున్నే తమ కత్తి తెచ్చి జట్టు మేస్త్రీ చేతికివ్వాలి. ఆయన అలుగును ఒక కట్టెలో దిగేసి, వెన్ను మీద దుడ్డుకర్రతో మూడు దెబ్బలు వేస్తాడు. నిలిస్తే నడుముకు కట్టుకోవచ్చు. విరిగితే ముక్కలు చేతిలో పెట్టి, గుడారం ముందే విరిగింది, నీ అదృష్టం బాగుంది అని చెప్పి ఇంకో కత్తి ఇప్పిస్తాడు. ఆ మూడు దెబ్బలకు కళ్లనీళ్లు పెట్టుకున్న మగాళ్లను చూశాను. నీ వంతు వచ్చినప్పుడు, నువ్వు నిజంగా కట్టుకోబోయే కత్తే ఇవ్వు.

నేనే కొని పంపవచ్చు కదా అనుకుంటావేమో. పంపను. ఎవరు ప్రేమగా ఇచ్చినా తీసుకోకు, నేనిచ్చినా సరే. ఇచ్చినవాళ్ల మొహం గుర్తొస్తే కత్తిని కత్తిలా చూడలేం. నువ్వే వెళ్లు, నీ చేత్తో పట్టుకుని చూడు, నచ్చకపోతే నాలుగు దుకాణాలు తిరుగు. ఒకటో తారీకుకి నువ్వు ఆ గుడారంలో ఉండాలి, నేను పట్టిన పట్టు అది.

మీ అమ్మకు నేను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ మొండి మేనత్త

తా.క. (బుధవారం): నిన్న రాత్రి దీన్ని మొదటి నుంచి చదివాను. ఇందులో ఒక అబద్ధం ఉంది, దాన్ని అలాగే అంటించి పంపడానికి చెయ్యి రాలేదు.

నా వేళ్ల మీద ఏ దుంగా దొర్లలేదు. నేను సర్వేలో చేరేముందు మీ నాన్న నాకొక మడిచే కత్తి తెచ్చిచ్చాడు. వాడు అప్పుడే ఉద్యోగంలో చేరాడు, అక్కకు ఏదో ఒకటి ఇవ్వాలని బజారంతా తిరిగి తెచ్చాడు. మేస్త్రీ దెబ్బలకు అది ముక్కలవుతుందని చూడగానే తెలిసింది. నాకు ప్రాణం ఒప్పలేదు. మా జట్టు వంటమనిషిని బతిమాలి ఆమె కత్తి తీసుకుని, అదే నాదని మేస్త్రీకి ఇచ్చాను. నిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కత్తి ఆమెకిచ్చేసి, తమ్ముడి కత్తితో అడవిలోకి వెళ్లాను.

ఆ ఏడు మొదటి వానల్లో, తడిసిన కట్టె చీల్చి లోపలి పొడి చెక్క తీద్దామని మేస్త్రీలాగే వెన్ను మీద కొట్టాను. రెండో దెబ్బకు తాళం వదిలేసింది. అలుగు మడుచుకుని నా వేళ్ల మీద మూసుకుంది. ఆసుపత్రికి రెండు రోజుల నడక. చేరేసరికి వేళ్లు కుళ్లాయి, డాక్టరు తీసేశాడు. మీ నాన్న వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నేనిచ్చిన కత్తి ఆ సమయంలో ఏమైనా అక్కరకొచ్చిందా అక్కా అని అడిగాడు. ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయాను. దుంగ దొర్లిందన్నాను, కత్తి వాగులో పడిపోయిందన్నాను. ఇంకోటి కొనిస్తాను, బాధపడకన్నాడు.

ఇరవై ఏడేళ్లు అయింది. వాణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. వాడేమో చెయ్యని నేరానికి అడవిని తిడుతూ, ఇప్పుడు నీకు అడ్డం నిలబడ్డాడు. తప్పు అడవిది కాదు, వాడిదీ కాదు. పరీక్షకు ఒకటి పెట్టి నడుముకు ఒకటి కట్టుకున్న నాది. ఇదంతా వాడికి వేరే ఉత్తరంలో రాసి ఈ పొద్దున్నే పోస్టు చేసి వచ్చాను. నీకంటే ముందు వాడు చదవాలి. నువ్వు ఇది చదివేసరికి వాడికి తెలిసిపోయి ఉంటుంది. కోపం వస్తుంది, ఏడుస్తాడు కూడా. నువ్వు సముదాయించబోకు, ఎదురుగా వెళ్లి కూర్చో, అంతే. వాడు నాతో మాట్లాడడం మానేస్తే మానేయనీ. నీతో మాట్లాడితే చాలు.