రన్ డిఫెన్స్ గురించి ఒక్క మాట మాట్లాడను

అక్టోబరు 6, సోమవారం. ఉదయం 6:10

ఈ రోజు నుంచి రన్ డిఫెన్స్ గురించి ఒక్క మాట మాట్లాడను. సీజన్ ఆఖరి ఆట 24న. అంటే పంతొమ్మిది రోజులు. ఆ మాత్రం నోరు కట్టుకోలేనా? ఒకప్పుడు కడుపు కట్టుకున్నవాణ్ణి! (2011లో. నాలుగు రోజులు.)

కారణం: మొన్న శుక్రవారం ఆట మధ్యలో, మైదానం గీత పక్కన, నేనూ మా బావమరిది డారెల్ రన్ డిఫెన్స్ మీద వాదించుకుంటూ రెఫరీ పిలుపు వినిపించుకోలేదు. మూడుసార్లు పిలిచాడట. ఆట ఆగిపోయింది. మూడు వేలమంది మమ్మల్నే చూశారు. మర్నాడు స్కూల్లో ఆటల వ్యవహారాలు చూసే రోండా బీస్లీ ఫోన్ చేసింది.

"లీలండ్ గారూ, గొలుసు పట్టినవాళ్లు గీత దగ్గర నోరు మెదపకూడదని రూలు. మీకు నేను చెప్పాలా? ఇంకొక్కసారి ఆ గోల నా చెవిన పడిందా, కర్ర ఇంకొకరికి ఇచ్చేస్తా. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

కర్ర! బ్లఫ్ క్రీక్ హైస్కూలు ఆటల్లో ఇరవై రెండేళ్లుగా ఆ కర్ర నాది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు మా నాన్నది. ఫర్నేసులు బాగుచేసేవాడిగా నేను ఊళ్లో కొందరికి తెలుసు. కర్ర పట్టేవాడిగా అందరికీ తెలుసు. అది పోతే అందరితోపాటు మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చోవాలి.

ఈ డైరీ నాడీన్ కొనిచ్చింది. "చెప్పాలనిపించినప్పుడల్లా ఇందులో రాసుకో. పాపం దీనికి చెవుల్లేవు, అదృష్టం" అంది. నాడీన్ నా భార్య, డారెల్‌కి అక్క. మా ఇద్దరి మధ్య నలిగిపోయింది.

డైరీ కొత్తది, దీనికేమీ తెలియదు కాబట్టి ఒక్కసారి చెబుతాను. (రాయడం మాట్లాడడం కిందికి రాదు.) మా అమెరికా ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. బంతి పట్టుకుని పరుగెత్తవచ్చు, గాల్లో విసరనూ వచ్చు. ఆ పది గజాలను కొలిచేది గొలుసు. దానికి రెండు చివర్లా రెండు కర్రలు. వెనక కర్ర డారెల్‌ది, ముందు కర్ర నాది. అవతలివాళ్ల పరుగును ఆపడమే రన్ డిఫెన్స్. మా కుర్రాళ్లు ఈ ఏడాది ఆటకి సగటున 58 గజాల పరుగే ఇచ్చారు. లీగులో ఇంత తక్కువ ఇంకెవరూ ఇవ్వలేదు. డారెల్ దాన్ని ఇనప గోడ అంటాడు. నేననేది ఒకటే: అసలు మన మీద పరుగెత్తిందెవరు? విసిరిన బంతిని మనవాళ్లు ఒక్కటీ ఆపలేరు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంటే కిటికీ ఊచలు కోసే దొంగెవడు? ఊచలు గట్టివని మురిసిపోతే ఎలా?

అంతే. ఇక రాయను కూడా.

ఫ్రిజ్ మీద అంటించిన నియమాలు:
1. నేనుగా ఎత్తను.
2. ఎవరైనా ఎత్తితే "హుఁ" అంటాను.
3. ఉప్పు సీసా, మిరియాల సీసా బల్ల మీద నిలబెట్టి చూపించడాలు బంద్.

నాడీన్ చదివింది. "గురువారం దాకా" అంది. చూద్దాం!

అక్టోబరు 7, మంగళవారం. ఉదయం 7:40

హోటల్లో కాఫీ. డారెల్ ఎదురుగా కూర్చున్నాడు.

"యాభై ఎనిమిది, బావా."

"హుఁ."

"గోడ అంటే గోడే కదా?"

"హుఁ."

"ఒప్పుకున్నట్టేనా?"

"హుఁ."

"ఒంట్లో బాగాలేదా నీకు?"

మొత్తం మూడు హుఁలు. విజయం! ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇన్నేళ్లూ ఈ పని ఎందుకు చేయలేదో.

అక్టోబరు 8, బుధవారం. సాయంత్రం 5:00

ఓపల్ గారింట్లో ఫర్నేసు పని. ఆవిడకి ఎనభై నాలుగు. కింద సెల్లార్‌లోకి కుర్చీ తెప్పించుకుని నా పక్కనే కూర్చుంది.

"అబ్బాయ్, మనవాళ్ల రన్ డిఫెన్స్ నిజంగా అంత గొప్పదంటావా?"

పెద్దావిడ. అడిగినదానికి చెప్పకపోతే మర్యాదా? ఒక్క వాక్యంలో చెప్పాను. ఆ వాక్యం నలభై నిమిషాలు పట్టింది. ఫర్నేసు గొట్టాలు నాలుగూ మన ముందు వరస, నా పానా అవతలి పరుగుగాడు. (నియమం 3లో గొట్టాల ప్రసక్తి లేదు.)

అంతా విని ఆవిడ, "నువ్వు చెప్పింది శుద్ధ తప్పు. మీ నాన్న కూడా ఇంతే" అని ఆపిల్ కేకు ముక్క పెట్టింది.

ఇది లెక్కలోకి రాదు. భూమి లోపల మాట్లాడింది లెక్కలోకి రాదు. ఫ్రిజ్ మీద చేర్చాను.

అక్టోబరు 9, గురువారం. మధ్యాహ్నం 12:15

పళ్ల డాక్టరు దగ్గర. నోట్లో రెండు చేతులూ పెట్టి రన్ డిఫెన్స్ మొదలుపెట్టాడు. మన కుర్రాళ్లకి మంచి కాళ్లున్నాయట, అందుకే ఆపుతున్నారట. నేను "ఆఁ ఆఁ" అన్నాను. అంటే "కాదు" అని. ఆయనకి "అవును" అని వినపడింది. "మీరూ ఒప్పుకుంటున్నారు, సంతోషం" అన్నాడు.

ఎలా ఊరుకోను? నోట్లోని సామాను తీసి ఆయన చేతిలో పెట్టి చెప్పాను. సగం మొద్దుబారిన నోటితో చెప్పింది సగం మాటే. అంటే ఈ వారం మొత్తం సగం తప్పు. బయట కూర్చున్న నాడీన్‌కి అంతా వినపడింది.

"ఈ రోజు ఏ వారం, లీలండ్?" అంది.

గురువారం.

అక్టోబరు 11, శనివారం. ఉదయం 8:00

నిన్న సొంత మైదానంలో ఆట. గీత పక్కన ఒక్క మాట మాట్లాడలేదు! వాళ్లు 26 గజాలే పరుగెత్తారు. డారెల్ ప్రతిసారీ నా వైపు తిరిగి గోడ కొట్టినట్టు గాలిలో గుద్దాడు. నేను ఊలు చేతితొడుగు నోట్లో కుక్కుకున్నాను. వాళ్లు విసిరి 340 గజాలు సంపాదించిన సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఎందుకు ఎత్తుతాను? చేతితొడుగు బొటనవేలు మింగేశాననుకుంటా.

రోండా వచ్చి భుజం తట్టింది. "వెరీ గుడ్, లీలండ్ గారూ." చిన్నపిల్లాడిలా మురిసిపోయాను, ఒప్పుకుంటున్నాను.

అక్టోబరు 13, సోమవారం. ఉదయం 9:30

డారెల్ తన ట్రక్కు వెనక అద్దం మీద తెల్ల బూట్ పాలిష్‌తో ఇంతింత అక్షరాలతో కొత్త సగటు రాశాడు: 54. కింద: "మా బావనడగండి."

అడుగుతున్నారు! ఊరంతా అడుగుతోంది! పెట్రోలు బంకులో ముగ్గురు. చర్చి మెట్ల మీద పాస్టరు.

10:15. రాయడం మాట్లాడడం కాదని ఆరో తారీఖునే తేల్చుకున్నాం కదా. తెల్ల పాలిష్ కొన్నాను.

11:00. నా వ్యాను వెనక అద్దం: "పరుగెత్తితే కదా ఆపడానికి!" మూడు కార్లు హారన్ కొట్టాయి. రెండు నన్ను సమర్థిస్తూ, ఒకటి దారి ఇవ్వమని.

అక్టోబరు 19, ఆదివారం. మధ్యాహ్నం 2:30

మొన్న వేరే ఊళ్లో ఆట. ఇంకో 36 గజాలు. డారెల్ అద్దం: 52.

మా ఇంట్లో భోజనం. మెత్తగా మెదిపిన బంగాళాదుంపల్ని డారెల్ పళ్లెంలో గోడలా కట్టి దాని మీద గ్రేవీ పోశాడు. "చూడు బావా, చుక్క కారదు." నేను ఏమీ అనలేదు. ఫోర్కుతో గోడకి పక్కన సందు చేశాను, అంతే. గ్రేవీ నాడీన్ పెళ్లినాటి బల్లగుడ్డ మీదికి పోయింది.

"ఇద్దరూ వసారాలోకి పోండి" అంది. "ఒకడు వాగి చంపుతాడు, ఒకడు వాగకుండా చంపుతాడు!"

వసారాలో చలి. డారెల్ మెల్లగా అన్నాడు: "శుక్రవారం టర్లీ వాళ్లు బావా. వాళ్లు విసరరు. పరుగే. తేలిపోతుంది."

నిజమే. టర్లీ కోచ్‌కి బంతి గాల్లోకి లేస్తే జ్వరం వస్తుంది. గెలిచినవాళ్లు నాకౌట్‌కి వెళ్తారు. నేనొక్క మాట మాట్లాడనక్కర్లేదు, మైదానమే చెబుతుంది. ఇంత ఆనందంగా చలిలో ఎప్పుడూ నిలబడలేదు.

అక్టోబరు 25, శనివారం. ఉదయం 5:20

నిద్ర లేదు. వరసగా రాస్తాను.

టర్లీ వాళ్లు 212 గజాలు పరుగెత్తారు. రెండు వందల పన్నెండు! గోడ లేదు, ఇటుక కూడా లేదు. నేను మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. ఎలాగో విసిరి విసిరి మనవాళ్లు 20-17తో ముందున్నారు. ఇంకా రెండు నిమిషాలు. బంతి వాళ్లది, మన గోలు దగ్గరికి వచ్చేశారు. మూడో ప్రయత్నంలో వాళ్ల 34వ నంబరు కుర్రాడు ఎడమ వైపు పెద్ద సందులోంచి దూరి ఆరు గజాలు లాగాడు. ఇంకొక్క గజం చాలు.

డారెల్ నా వైపు తిరిగి, "ఏడు కావాలంటే ఆరే ఇచ్చాం! గోడ!" అన్నాడు.

నేను మాట్లాడకూడదు. కానీ సందు కళ్లెదురుగా ఉంది. కర్ర నేలలోంచి పీకి, కర్రతో చూపించాను: ఇదిగో, ఇక్కడ, ఏనుగు పడుతుంది! డారెల్ తన కర్ర పీకి, "ఏదీ, ఎక్కడ?" అని అటు చూపించాడు. రెఫరీ తిరిగేలోపు ఇద్దరం మళ్లీ పాతేశాం. గొలుసు బిగువుగానే ఉంది. ఎప్పుడైనా గొలుసు కదిలినా పాత చోటు తెలిసేలా మొదట్లోనే దానికో క్లిప్పు పెట్టుకోవడం మా పద్ధతి. అది డారెల్ పని.

నాలుగో ప్రయత్నం. 34వ నంబరు గుంపులోకి దూకాడు. అందిందో లేదో కంటికి తెలియడం లేదు. రెఫరీ గొలుసు తెమ్మన్నాడు.

మూడు వేలమంది నిశ్శబ్దంగా ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా ఉద్యోగమే అది. మైదానం మధ్యకి నడిచాం. క్లిప్పు ఏదని రెఫరీ అడగలేదు, మేం చెప్పలేదు. గొలుసు లాగాం. బంతికి, నా కర్రకి మధ్య వేలెడు ఖాళీ.

బంతి మనది. ఆట మనది. ఊరు ఊరంతా "రన్ డిఫెన్స్! రన్ డిఫెన్స్!" అని అరిచింది. డారెల్ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. "చెప్పానా బావా! చెప్పానా!"

గీత దగ్గరికి తిరిగొచ్చి కిందికి చూశాను. మెత్తటి నేలలో నా కర్ర మొన దిగిన గుంట ఒకటి. దాని వెనక ఇంకో గుంట. అది మొదటిది. అంటే మళ్లీ పాతేటప్పుడు కర్ర ముందుకు జరిగింది. డారెల్ వైపూ రెండే.

వాళ్లకి ఆ గజం అందింది.

34వ నంబరు కుర్రాడు గడ్డిలో ముఖం పెట్టుకుని పడి ఉన్నాడు. వాళ్ల నాన్న వచ్చి లేపాడు. ఇరవై రెండేళ్లలో కర్ర పట్టుకుని సిగ్గుపడడం ఇదే మొదలు.

7:00. టేపు తీసుకుని మైదానానికి వెళ్లి కొలిచాను. పద్నాలుగు అంగుళాలు.

10:30. రోండాకి చూపిద్దామని ఫోన్ చేసి మళ్లీ వెళ్లాను. ఆమె రావడానికి ముందే స్కూలు బ్యాండు పిల్లలు డప్పులతో ఆ చివర నుంచి ఈ చివరకి కవాతు చేసేశారు. గుంటలన్నీ ఏకం.

అక్టోబరు 26, ఆదివారం. మధ్యాహ్నం 3:00

డారెల్ దగ్గరికి వెళ్లాను. "క్లిప్పు పెట్టావా?"

"పెట్టాను బావా. పెట్టాననే అనుకుంటా."

కోటు జేబులో చెయ్యి పెట్టాడు. క్లిప్పు వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది వేరే క్లిప్పు" అన్నాడు.

"మనకున్నదే ఒక్కటి కదరా!"

"బావా, ఈ ఒక్క ఏడాది నన్ను గెలవనీ. నీకు దణ్ణం పెడతా."

హుఁ అన్నాను.

అక్టోబరు 27, సోమవారం. ఉదయం 11:00

రోండా ఆఫీసు. కర్ర తీసుకెళ్లి బల్ల మీద అడ్డంగా పెట్టాను. ఒక చివర గోడకి, ఒక చివర ఆమె కాఫీకి తగిలింది. అంతా చెప్పాను. కర్ర పీకింది, క్లిప్పు, గుంటలు, పద్నాలుగు అంగుళాలు. "టర్లీ వాళ్లు ఆ గజం దాటారు, రోండా. మనవాళ్లు ఆపలేదు. కర్ర తీసేసుకోండి."

ఆమె నన్ను జాలిగా చూసింది.

"లీలండ్ గారూ, అసలు ఎంత దూరం వెళ్తారండీ మీరు? రన్ డిఫెన్స్ బాగాలేదని నిరూపించడానికి ఆఖరికి గొలుసే తప్పంటారా?"

"నిజమండీ!"

"పోనీ డారెల్‌ని అడగనా?"

అప్పటికప్పుడు ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకూ వినపడింది: "గోడండీ! మా బావ మాట పట్టించుకోకండి."

ఫోన్ పెట్టేసి, "రెఫరీ చెయ్యి చూపించాక ఇంక తిరుగులేదు, అది మీకూ తెలుసు. శుక్రవారం మీరు నోరు మెదపలేదని ఆ రెఫరీ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు" అంది. కర్ర నా చేతిలో పెట్టింది. "కానీ ఈ గజం మాట ఊళ్లో ఎక్కడైనా వినపడిందా, ఈసారి నిజంగా తీసేసుకుంటా."

నేనిస్తానంటే తీసుకోలేదు, నిజం చెబితే తీసుకుంటుందట.

1:00. టర్లీ కోచ్‌కి ఫోన్ చేశాను. చెబితే, "ఎవరు, వ్యాను అద్దం మీద రాసిన ఆయనేనా?" అని నవ్వి పెట్టేశాడు.

అక్టోబరు 28, మంగళవారం. ఉదయం 6:10

ఈ రోజు నుంచి రన్ డిఫెన్స్ గురించి ఒక్క మాట మాట్లాడను. శుక్రవారం నాకౌట్, సొంత మైదానంలో. వచ్చేవాళ్లు కూడా పరుగెత్తేవాళ్లేనట.

ఫ్రిజ్ మీద కొత్త కాగితం:
1. మాట్లాడను.
2. రాయను.
3. కర్ర పీకను. ఏనుగులు వరసగా దూరినా పీకను.
4. క్లిప్పు నేనే పెడతాను.

నాడీన్ చదివింది. నేను చెప్పింది ఈ ఊళ్లో నమ్మింది తనొక్కతే. కాఫీ ఇచ్చి, కాసేపు నా తల మీద చెయ్యి వేసింది.

6:30. డారెల్ ట్రక్కు వెళ్లింది. అద్దం మీద అంకె లేదు. "ఒక్క గజం!" అని ఉంది.

6:32. హుఁ.

6:40. పద్నాలుగు అంగుళాలు. ఇది గొలుసు గురించి, రన్ డిఫెన్స్ గురించి కాదు. లెక్కలోకి రాదు. తెల్ల పాలిష్ ఎక్కడ పెట్టానో.