రాయల కాలం చెంబు

1-7-2007, ఆదివారం

గెలిచాను! నెట్ సెంటర్‌లో కూర్చుని, ఆన్‌లైన్ ఆక్షన్‌లో ఆఖరి నిమిషంలో బిడ్ వేసి రాగి చెంబు కొట్టేశాను. ఐదొందల ఏళ్ల నాటిదట, రాయల కాలంది. ఫోటోలో పచ్చగా చిలుము పట్టి ఎంత బాగుందో! తొమ్మిది వేలు. మా ఆవిడ అరుణకు తొమ్మిది వందలని చెప్పాను. దానికే, ఇంట్లో చెంబులు లేవా అంది.

10-7-2007, సాయంత్రం 6

పొద్దున పార్సిల్ వచ్చిందట. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అరుణ చెంబును చింతపండేసి తళతళా తోమిపెట్టింది. ఏడుపొచ్చింది. తీరా చూస్తే చిలుము కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: లక్ష్మీదేవమ్మ, పెండ్లి, పెనుకొండ, 1969.

రాయలవారు అప్పటిదాకా ఉన్నారని ఎవరూ చెప్పలేదే!

11-7-2007

బెంగళూరు సెల్లర్‌కు మెయిల్ కొట్టాను. బ్యాడ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వొద్దు, 17లోగా పోస్టు చేస్తే డబ్బు వాపస్ అన్నాడు. ధర్మవరంలో చిన్నప్ప అనే పాతసామాన్ల కొట్టాయన దగ్గర కొన్నాడట. బుద్ధిగా పంపేయాలి. కానీ ఎవరీ లక్ష్మీదేవమ్మ?

12-7-2007

సెలవు పెట్టి పెనుకొండ వెళ్లాను. మూడు వీధులు తిరిగితే దొరికింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చెంబు చేతికివ్వగానే అక్షరాలను వేలితో తడిమింది. అంతలోనే, ఇది నాది కాదప్పా, ఎత్తుకొని పో అంది. పేరుంది కదమ్మా అంటే లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆమె కొడుకు గంగాధర బస్టాండు దాకా వచ్చి సంగతి చెప్పాడు. ఇరవై ఏళ్ల కింద ఈ చెంబు కనపడకుండా పోయిందట. తోడికోడలు కొండమ్మే పుట్టింటికి చేరవేసిందని వాళ్లమ్మ నడివీధిలో ఆమెను దొంగ అన్నదట. ఆ నెలలోనే ఇంటి మధ్య గోడ లేచింది. చిన్నమ్మ గోడకు ఆపక్కే ఉండాది సార్, ఈపొద్దుటికీ మాటల్లేవు అన్నాడు.

13-7-2007

దొంగ కొండమ్మేనా? తెలిసేదాకా అన్నం సయించేలా లేదు.

15-7-2007, ఆదివారం

ధర్మవరం. చిన్నప్ప నవ్వాడు. దొంగ యాడుండాడప్పా, పెనుకొండలో బావి పూడిక తీసిన కూలోళ్లు తెచ్చి అమ్మిరి, బురదలో దొరికిందంట అన్నాడు. గంగాధరకు ఫోన్ చేశాను. అవును సార్, పోయినేడు మా పెరటి బావి మేమే తీయిస్తిమి అన్నాడు. అమ్మకు చెప్తా సార్ అని పెట్టేశాడు.

బావిలోకి ఎప్పుడు జారిందో ఏమో. అసలు దొంగే లేడు.

16-7-2007

పార్సిల్ కట్టేశాను. రేపే ఆఖరు. తొమ్మిది వేలంటే మాటలా. నేను వెళ్లి కెలక్కుండా ఉంటే లక్ష్మీదేవమ్మ తప్పు ఆమెకు తెలిసేదే కాదు. సిగ్గుగా ఉంది.

17-7-2007, ఉదయం 7

కొడుకు దగ్గర నా అడ్రసు తీసుకుని లక్ష్మీదేవమ్మ మొదటి బస్సుకే వచ్చింది. కొండమ్మ ముందు రెండుసార్లు నిలబడినా నోరు పెగల్లేదట. చెంబు మీద తన పేరు కింద కొండమ్మ పేరు కొట్టించి ఇస్తుందట. ఈడ పేర్లు కొట్టేటోడు యాడుంటాడప్పా అని అడిగింది.

పార్సిల్ విప్పాను.