ఒలిచి పెట్టిన పీత డెక్కలు

కృష్ణానగర్, హైదరాబాదు
ఆగస్టు, 1991

అత్తయ్యగారికి నమస్కారం. మీ అబ్బాయి కాశీ ప్రాణానికి భయం లేదు, కంగారుపడి బయలుదేరకండి.

ఫిల్మ్ నగర్‌లో ఫైటు తీస్తుంటే మేడ మీంచి దూకి, పరుపు మీద కాక పక్కన పడ్డారు. కుడిచెయ్యి నుజ్జయింది. కట్టు విప్పినా వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇక ఫైట్లు కుదరవని డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

నిన్న పీతలు తింటానన్నారు. సంబరపడి తెచ్చాను. డెక్కలు విడిగా ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, మీలాగే ఉల్లిపాయ, చింతపండు వేసి దగ్గరగా వండాను. డెక్కని గుప్పిట్లో నొక్కి పటుక్కున విరిచే మనిషి కదా. ఇప్పుడు విరవలేరని నేనే పగలగొట్టి, కండ ఒలిచి పెట్టాను. పళ్ళెం తోసేశారు.

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా? పెంకుతోనే పెట్టు" అన్నారు.

పెట్టాను. ఎడంచేత్తో నొక్కితే అది జారి గోడకి కొట్టుకుంది. నేను అటు తిరిగి పొయ్యిగట్టు తుడుస్తూ ఉండిపోయాను. కాసేపటికి, "పుష్పా, ఒలిచిందే పెట్టవే" అన్నారు. నేనే కలిపి తినిపించాను. నోరు తెరిచారు గానీ ఒక్కసారీ నా మొహంలోకి చూడలేదు.

కండ చితక్కుండా పెంకు ఊడాలంటే ఎక్కడ కొట్టాలో రాయండి. ఎవరైనా వస్తుంటే కాస్త పాత చింతపండు పంపండి. మావయ్యగారి దగ్గు తగ్గిందా? ఆయనతో మీ అబ్బాయి చెయ్యి విరిగిందని మాత్రమే చెప్పండి.

మీ ఉత్తరం ఇక్కడ ఈయనే ముందు చదువుతారు. అందులో చెయ్యి ఎలా ఉందని అడక్కండి. కూర ఎలా కుదిరిందని అడగండి.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి.

మీ కోడలు
పుష్పవల్లి