బుధవారం లక్ష్మమ్మది

సుబ్బక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. మన వీధికి ట్యాంకరు ఇంకా వస్తూనే ఉంది. ఇంటింటికీ కొళాయి వేయిస్తామన్నవాళ్లు ఇంకా అంటూనే ఉన్నారు. వాళ్లను తిట్టడం నేను మానలేదులే. కానీ బిందె ఎత్తలేని ముసలివాళ్లకు నీళ్లు మోసే నీ జట్టు మాత్రం నువ్వు పోగానే చెదిరిపోయింది. రమ్మని కరపత్రాలు పంచినాను, వాట్సాప్‌లో పెట్టినాను. ఒక్కరూ రాలేదు. ఈ జనానికి సిగ్గు లేదని కూడా రాసినాను.

నిన్న పొద్దున, గొర్రెలను మేతకు తోలకముందే, లక్ష్మమ్మ ఇంటికి పోయినాను. అరుగు మీద కందికాయలు ఒలుస్తున్నది. నేను నిలబడే మొదలుపెట్టినాను: ప్రభుత్వం, హక్కులు, బాధ్యత.

"ఏందన్నా, మీటింగా? కూచోని నాలుగు కాయలు ఒలువు. మీ అక్క అట్లనే చేసేది," అన్నది.

కూర్చున్నాను. చేట సగం నిండేదాకా ఈనిన గొర్రె గురించే మాట్లాడుకున్నాం. అప్పుడు నీలాగే ఒక్క మాట అడిగినాను.

"వారంలో ఏ రోజు వీలవుతుందమ్మా, నీళ్లు మోయడానికి?"

"బుధవారం నాది. మరి నీ రోజేది?"

అక్కా, ఇరవై ఏళ్లుగా ఊరందరికీ బాధ్యతలు చెప్తున్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు. నువ్వు కూడా అడగలేదే!

"శనివారం," అన్నాను.

"అయితే ఉపన్యాసం ఇంట్లో పెట్టి, తలగుడ్డ తెచ్చుకో," అని నవ్వింది.

వారంలో మిగిలిన ఐదు రోజులకు మనుషులు కావాలి. రేపు ఆమె పక్కింటికి పోతున్నాను. వాళ్లు విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నారంట.

నీ తమ్ముడు