తప్పు చూపించని కంప్యూటర్

పూజ్యురాలైన అక్కగారి సముఖానికి, ఆమెకున్న ఒకే ఒక్క తమ్ముడు మోచేతులు బల్లకు ఆనించి, తల వీలైనంత వంచి రాసుకుంటున్న విన్నపం.

ఇక్కడ అమ్మ, నాన్న, నేను, మేడ మీద నీ పూలకుండీలు, అందరం క్షేమం. నీ క్షేమం నీ ఉత్తరంలోనే తెలిసింది. రెండు పేజీలు ఆపకుండా తిట్టగలిగావంటే ఒంట్లో బాగానే ఉన్నట్టు.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కానీ తగ్గిందని ఒప్పుకోదు. నీ గదిని నేను ఆక్రమించానన్నది నిరాధారమైన ఆరోపణ. నా బట్టలు మాత్రం వాటంతట అవే అక్కడికి వలస వెళ్ళాయి.

మూడో ప్రశ్న: "నేను ఆరేళ్ళు కూర్చుని కట్టిన డేటాబేస్‌ను రెండు ముక్కలు చేశావటగా?" చేశాను. నువ్వున్నప్పుడు మన కృత్రిమ కాళ్ళ వర్క్‌షాప్‌లో కంప్యూటర్లు రెండే. ఇప్పుడు అయిదు. అయిదుగురూ ఒకే ఫైలు మీద పడితే అది మధ్యాహ్నానికల్లా బిగుసుకుపోయేది. అందుకని వివరాలన్నీ ఉన్న టేబుళ్ళను ఆఫీసు పెద్ద కంప్యూటర్‌లో ఒక ఫైలుగా ఉంచి, నింపే ఫారాలను మాత్రం ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళకు పెట్టాను. రెండింటికీ మధ్య లింకు. మర్నాడు పొద్దున్నే మూడు కంప్యూటర్లు ఏకకంఠంతో "ఈ దారి సరైనది కాదు" అన్నాయి. పెద్ద కంప్యూటర్ ఫోల్డర్ నాకు జెడ్ డ్రైవ్‌గా కనబడుతుంది, వాళ్ళకు ఎమ్ డ్రైవ్‌గా. నేను జెడ్ అనే రాసి పెట్టాను. సాయంత్రందాకా ఆ ముగ్గురి దగ్గరా కూర్చుని, డ్రైవ్ అక్షరం తీసేసి పెద్ద కంప్యూటర్ పూర్తి పేరుతో మళ్ళీ లింకు చేశాను.

నాది ఎలాగూ పనిచేస్తుంది. కొలతల మాస్టారి కంప్యూటర్ కూడా ఆ రోజంతా కిక్కురుమనలేదు. దాన్ని మిగతావాటికి ఆదర్శంగా చూపించాను కూడా. ఎందుకు కిక్కురుమనలేదని ఒక్కసారైనా అడగాల్సింది. అడగలేదు.

ఇక నాలుగో ప్రశ్న. "మాస్టారికి నిజంగానే మతిమరుపు వచ్చిందా? ఆ మాట చదివాక ఆ రోజంతా పని చేయలేకపోయాను" అని రాశావు. ఫోన్‌లో అదే అడిగితే సిగ్నల్ లేదని రెండుసార్లు పెట్టేశాను. సిగ్నల్ ఉంది.

జరిగింది చెప్తాను, మధ్యలో తిట్టకు. ఉత్తరమే రాయడానికి కారణం కూడా అదే.

పోయిన నెల కుట్టుపని చేసే ఒకావిడ కొత్త కాలు తొడుక్కోవడానికి వచ్చింది. మోకాలి కింద కాలు తీసేశాక కొన్నాళ్ళకు ఆ భాగం సన్నబడుతుందని నాకంటే నీకే బాగా తెలుసు. అందుకే మాస్టారు వారం ముందే మళ్ళీ కొలిచారు. వర్క్‌షాప్‌లో మాత్రం పాత కొలతే కనబడింది, పాత కొలతకే కాలు తయారైంది. ఆవిడ లేచి ఒక్క అడుగు వేసేసరికి అది వదులై జారింది. మాస్టారు పట్టుకోకపోతే నేల మీదే ఉండేది.

"కొత్త కొలత ఎక్కించలేదా మాస్టారూ?" అని పెద్ద మేడమ్ అడిగారు.

"ఎక్కించానమ్మా. కొలత రాసుకున్న చీటీ కూడా చించేశాను." ఎక్కించాకే చీటీ చించాలన్నది నువ్వు పెట్టిన నియమమే కదా. "నా కంప్యూటర్‌లో చూద్దాం రండి" అన్నారు.

అప్పుడు నీ తమ్ముడు సభను ఉద్దేశించి ప్రసంగించాడు. "మీ దాంట్లో ఒకటి, మా దాంట్లో ఒకటి ఉండదు మాస్టారూ. ఇప్పుడు అందరికీ పెట్టె ఒక్కటే. ఇందులో లేదంటే ఎక్కడా లేనట్టే."

"అలాగా..." అని ఆయన చేతిలోని టేపు చుట్టుకున్నారు. "అయితే మర్చిపోయానేమో."

నేను ఒక జోకు కూడా వేశాను. అది ఇక్కడ రాయను.

మర్నాడే ఆయన తనను కొలతల పని నుంచి తప్పించమని మేడమ్‌కు కాగితం ఇచ్చారు. ఆయన స్థానంలో వచ్చేవాళ్ళ కోసం ఆయన కంప్యూటర్‌ను సిద్ధం చేయమని మేడమ్ నన్ను పంపారు. ఏ టేబుల్ ఎక్కడి నుంచి వస్తోందో చూపించే జాబితా తెరిచాను. ఒక్కటీ పెద్ద కంప్యూటర్ నుంచి రావడం లేదక్కా. అన్నీ ఆయన కంప్యూటర్‌లోనే 'ప్రాక్టీస్' అనే ఫోల్డర్ నుంచి వస్తున్నాయి. కొత్త పద్ధతికి మాస్టారు కంగారుపడతారని, ముందే నేర్పడానికి ఆ టేబుళ్ళ నకలు ఒకటి అక్కడ పెట్టింది నేను. పాఠం అయ్యాక లింకు మార్చడం మర్చిపోయిందీ నేనే. పదకొండు రోజులుగా ఆయన ఆ నకలులోనే పందొమ్మిది మంది కొలతలు ఎక్కించారు. అన్నీ కొలిచిన రోజునే, మిల్లీమీటర్లతో సహా. ఆ కుట్టుపనావిడవీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు తప్పు. ఆ పందొమ్మిదింటినీ గుట్టుచప్పుడు కాకుండా పెద్ద ఫైలులోకి చేర్చి, లింకు సరిచేసి, చేతులు దులుపుకున్నాను. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం రాశాను, మాస్టారికి మతిమరుపు వచ్చిందని. తెలిసే రాశాను.

మర్నాడు ఆయన నన్ను వర్క్‌షాప్ కంప్యూటర్ దగ్గరికి పిలిచారు. "అబ్బాయ్, ఈ కొలత మొన్న లేదు కదూ?"

"సరిగ్గా చూసుకోలేదేమో మాస్టారూ."

"నలుగురం చూశాంగా... లేక నేనొక్కణ్ణే లేదనుకున్నానా?"

జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. తొంగి చూశాను. 'తొమ్మిదికి మాత్ర వేసుకున్నాను. స్కూటర్ తాళం కుడి జేబులో. కొలత ఉంది.' అంతే ఉంది ఆ పేజీలో. ఆ తర్వాత వారం రోజులు ఆయన ఎదురైతే నేను పక్క గదిలోకి దూరేవాణ్ణి.

నిన్న అందరి ముందూ చెప్పాను. ఆ కుట్టుపనావిడ కూడా ఉంది, మళ్ళీ కొలతకు వచ్చి. మేడమ్ నన్ను ఏమన్నారో అమ్మ కంటపడే ఉత్తరంలో రాయడం మర్యాద కాదు. మాస్టారు మాత్రం ఒక్కటే అడిగారు.

"అంటే నేను ఎక్కించానా?"

"ఎక్కించారు మాస్టారూ."

"అదే రోజా?"

"అదే రోజు. పందొమ్మిదికి పందొమ్మిదీ."

చాలాసేపు తల ఆడిస్తూనే ఉన్నారు. తర్వాత, "ఇక్కడ చెప్పావు, బాగుంది. మా ఆవిడకు ఎవరు చెప్తారు?" అన్నారు.

అలా ఆయన స్కూటర్ వెనక కూర్చుని వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో ప్రతి డబ్బా మీదా కాగితం ముక్క. ఉప్పు. పంచదార. స్టవ్ పక్కన 'ఆపారా?', వీధి తలుపు మీద 'తాళం'. అన్నీ ఆవిడ రాతే, పెద్ద పెద్ద అక్షరాలు. ముప్పై ఏళ్ళుగా తన ఇంట్లో తను తిరుగుతున్న మనిషి కోసం.

ఆవిడ అంతా విన్నారు. స్టూలు తెచ్చి అలమర ముందు వేసి, "ఎక్కు బాబూ. ఒక్కటి కూడా మిగలకూడదు" అన్నారు.

ఎంత గట్టిగా అతికించారో అక్కా. గోళ్ళతో గీకాను, తడిగుడ్డతో రుద్దాను. నువ్వు ఈ ఉత్తరం చదవగానే ముందు మాస్టారికి ఫోన్ చెయ్యి. నేను రాసింది అబద్ధమని నీ నోటితో కూడా ఆయన వినాలి. నన్ను తిట్టడం ఆ తర్వాత.

అన్నీ పీకేశాననుకుని చేతులు కడుక్కుంటుంటే, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మాస్టారు తల ఎత్తకుండానే అన్నారు: "పెరటి తలుపు వెనకాల ఒకటుంది. అది మర్చిపోయావ్."

ఇట్లు,
నీ తమ్ముడు